ఆకులత్త జపంలో రెండో సగం

ఇది ఆస్పత్రి మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ఎల్లుండి పొద్దున నా కడుపు కోసి గడ్డ తీస్తారట. "చిన్నదే మామ్మగారూ, భయపడకండి" అని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచే భయం పట్టుకుంది. అంతకు ముందు లేదు.

నిన్న సాయంత్రం లైట్లు వేసే వేళకి పక్క మంచం ముసలామె కూతురు వచ్చింది. సంచిలోంచి జపమాల తీసి, తల్లి చేతికి ఒక కొస అందించి, ప్రార్థన మొదలుపెట్టింది. మొదటి సగం తను చెప్పి ఆగింది. రెండో సగం తల్లి అందుకోవాలి. ఆమెకి ఊపిరి చాలలేదు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. కూతురు ఎదురుచూస్తోంది. నేనేం చేస్తున్నానో నాకు తెలిసేలోపే నా నోరు ఆ రెండో సగం చెప్పేసింది, ఒక్క మాట తప్పకుండా.

ఆ అమ్మాయి ఇటు తిరిగి నా నుదుటి బొట్టు చూసింది, నా తలగడ పక్కనున్న వినాయకుడి పటం చూసింది. "మామ్మగారూ, మీరు మావాళ్ళేనా?" అంది.

"కాదమ్మా" అన్నాను.

"మరి ఇది మీకెలా వచ్చు?"

నోటితో చెప్పలేనిదాన్ని కాగితం మీద పెడుతున్నాను.

మాది మైదానం ఊరు. నేను పాలు తాగే వయసులో నాన్న దుకాణం పెట్టుకుంటానని మమ్మల్ని కొండెక్కించాడు. అనంతగిరి ఘాటీ ఎక్కి అరకు వైపు పోయే దారిలో, వారానికోసారి సంత జరిగే చిన్న ఊరు. సంతనాడు కొండవాళ్ళు పసుపు, చింతపండు, కరక్కాయలు, అడ్డాకులు దించి, ఉప్పూ కిరసనాయిలూ గుడ్డా పట్టుకుపోయేవాళ్ళు. మిగతా ఆరు రోజులూ పొగమంచు, వాన, జ్వరం. మా ఇల్లు ఒక్కో నెల ఒక్కో వాసన వేసేది. వానాకాలం వచ్చిందంటే తడిసిన ఆకుల వాసన, పొయ్యిలో పచ్చి కట్టెల పొగ, నాలిక మీద జ్వరానికి వేసే కొయినా పొడి చేదు. ఆ చేదు పోవడానికి అమ్మ చోడి అంబలిలో బెల్లం ముక్క వేసి ఇచ్చేది. బెల్లం తిని అంబలి పెరట్లో కుక్కకి పోసేదాన్ని.

మా ఇంట్లో దీపం పెట్టాక కొన్ని మాటలు అనకూడదు. పాముని పురుగు అనాలి. పులిని పెద్దది అనాలి. ఉప్పుని ఉప్పు అనకూడదు, బుట్టలోది అనాలి. మేం అమ్మేదే ఉప్పు! సంత ముగిసి పొద్దువాలాక ఎవరైనా వచ్చి ఉప్పు అడిగితే, నాన్న వాళ్ళ నోరు మూయలేక "ఆ, బుట్టలోది, బుట్టలోది" అంటూ గబగబా కొలిచి పంపేసేవాడు. ఇక చావన్న మాట పగలు కూడా అనకూడదు. మా ఇంట్లో ఎవరూ చచ్చిపోరు, వెళ్ళిపోతారు. నా తర్వాత పుట్టిన తమ్ముడూ చెల్లెలూ అలాగే పురిట్లోనే వెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళిపోయారని అడిగి ఒకసారి వీపు మీద దెబ్బ తిన్నాను.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఆ ఏడు అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఈసారైనా బిడ్డ నిలవాలని నాయనమ్మ మైదానం నుంచి బండి కట్టించుకుని వచ్చింది. వాము, శొంఠి, మెంతులు, పాత చీరల మూట తెచ్చింది. వాటన్నిటికంటే ఎక్కువ భయం తెచ్చింది. అమ్మ గడప మీద కూర్చోకూడదు, గుమ్మడికాయ కొయ్యకూడదు, పొద్దుగూకాక పెరట్లోకి పోకూడదు. అమ్మ అన్నిటికీ తలూపేది. రోజురోజుకీ ఆమె మాట తగ్గిపోయింది. వంట చేస్తూ మధ్యలో ఆగి గోడ వైపు చూసేది. ఏం చూస్తోందో నాకు తెలియక, నేనూ అటే చూసి భయపడేదాన్ని.

దుకాణం వెనక గదిలో ఒక విధవ ఉండేది. మా వంటగదికీ ఆ గదికీ మధ్య మట్టి మెత్తిన తడిక ఒక్కటే అడ్డం. వానలకి మట్టి రాలి కన్నాలు పడ్డాయి. ఆమె భర్త ఘాటీ రోడ్డు పనిలో మేస్త్రీ. ముందటేడు జ్వరమొచ్చి రోడ్డు కేంపులోనే పోయాడు. ఆమె కిందికి పోకుండా ఇక్కడే ఉండిపోయింది. కొండ ఆడవాళ్ళ దగ్గర అడ్డాకులు తీసుకుని, వెదురు ఈనెలతో విస్తళ్ళు కుట్టి నాన్నకి ఇచ్చేది. నేను ఆకులత్త అన్నాను, ఇంటిల్లిపాదికీ ఆకులత్తే అయింది. ఫాదిరీల మతం. తెల్ల ఫాదిరీ గుర్రం మీద ఏ మూడు నెలలకో వచ్చి వెళ్ళేవాడు. మిగతా రోజుల్లో ఆ మతానికి మా ఊళ్ళో ఆమె ఒక్కతే.

నాయనమ్మ వచ్చిన సాయంత్రమే దీపం పెట్టి దండం పెట్టుకుంటోంది. తడిక అవతల నుంచి నిదానంగా ఆకులత్త గొంతు. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా…" ఏదో స్తోత్రమనుకుని నాయనమ్మ తలూపింది కూడా. అంతలో "మా మరణ సమయమందును" అని వినబడింది. చేతిలో నూనె గిన్నె ఒలికిపోయింది.

"ఏటే అది? దీపాలేళ ఆ మాట అన్నదెవులే?"

ఆకులత్త మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్ళీ అదే మాట దగ్గరికి వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. నాయనమ్మ రెండు చెవులూ మూసుకుని కూలబడింది. మరుసటి సాయంత్రం నేను ఒక్కోసారికి ఒక్కో చింతపిక్క పక్కన పెడుతూ లెక్కపెట్టాను. యాభైమూడు. ఉప్పు పేరెత్తని ఇంట్లో, కడుపుతో ఉన్న మనిషి వినేలా, సంజెవేళ యాభైమూడుసార్లు చావు పేరు.

"ఆమెని బేగి ఎల్లగొట్టు" అంది నాయనమ్మ నాన్నతో.

"వానల్లో ఒంటరి ఆడమనిషిని ఎక్కడికి పొమ్మంటానమ్మా? అడ్డతీగల ఏపు కొండోళ్ళు తిరగబడి పితూరీ లేచిందట, దారి పొడుగునా పోలీసులు. వానలు ఎలిసాక సూద్దాం" అన్నాడు నాన్న.

దాంతో నాయనమ్మ వేరే ఉపాయం కనిపెట్టింది. ఆకులత్త గొంతు లేవగానే నేను ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో బాదాలి. నాకింకేం కావాలి! ఊరి కుక్కలన్నీ మొరిగేలా బాదాను. పది రోజులకి పళ్ళెం సొట్టలు పోయింది. ఆకులత్త గొంతు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. పైగా, ఆ మాట ఎప్పుడొస్తుందో కనిపెట్టి ఆ క్షణానికి గట్టిగా కొట్టాలి గనుక, నేను ప్రార్థనంతా చెవులు రిక్కించి వినేదాన్ని. నెల తిరక్కుండా మొత్తం కంఠతా వచ్చేసింది. నోట్లో ఆ మాట దానంతటదే తిరుగుతుంటే, పెదవులు గట్టిగా బిగించుకునేదాన్ని.

పగటిపూట నాయనమ్మ కునుకు తీసినప్పుడు ఆకులత్త గదిలోకి దూరేదాన్ని. వెళ్ళొద్దన్నారు, అందుకే వెళ్ళేదాన్ని. ఆకుల గుట్ట, చాప, కుండ, గోడకి ఒక పటం. పటంలో నీలిగుడ్డ కప్పుకున్న ఆడమనిషి. పాదాలకి చెప్పుల్లేవు. ఆ పాదం కింద పాము.

"ఈవిడేనా మీ అమ్మోరు?"

"అమ్మోరు కాదు తల్లీ. మరియమ్మ. దేవుడి తల్లి."

"ఏటి తింటాది? కోడా, మేకా?"

ఆకులత్త నవ్వింది. "ఏటీ తినదు."

"ఏటీ అడగదా?"

"మనకాడ ఏటీ అడగదు. మన కోసం ఆయన్ని అడుగుతాది. అదే ఆవిడ పని." విస్తరికి ఈనె గుచ్చుతూ ఒక కథ చెప్పింది. ఒక ఊళ్ళో పెళ్ళి. అందరూ బంతిలో కూర్చున్నారు. తాగడానికి పోసే ద్రాక్షరసం అయిపోయింది. పెళ్ళివారి పరువు పోయే సమయం. "ఎవులూ సూడనేదు. ఆ తల్లి సూసింది. కొడుకు పక్కనే ఉన్నాడు. ఈళ్ళకి అయిపోయిందిరా అని సెప్పింది. అంతే. ఆపైన నీళ్ళని రసం సేసిందంతా ఆయనే."

"నువ్వు అంతసేపు ఒక్కదానివే ఎందుకు చదువుతావు?"

"ఇది ఇద్దరు సెప్పుకునేది. మొదటి సగం ఒకలు, రెండో సగం ఒకలు. మా ఇంట్లో మొదటిది నాది, రెండోది ఆయనది. ఇప్పుడు రెండూ నానే."

ఆపుకోలేక అడిగేశాను. "రెండో సగంలో ఆ మాట వదిలేసి చదవకూడదా?"

ఆమె చేతిలో ఈనె ఆగింది. "ఆ మాట అనకపోతే అది రాకుండా ఉంటాదేటి తల్లీ?" అంది.

అక్కడి నుంచి లేచి పరుగెత్తాను. సాయంత్రం నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, ఏమీ తినని అమ్మోరు ఉంటుందా అని అడిగాను. "కోడి అడిగితే కోడిని కొట్టేత్తాం. మేకనడిగితే మేక. ఏటి కావాలో సెప్పని అమ్మోరే బయం గుంటా. ఆయమ్మకి మనిసే కావాలేమో" అంది నాయనమ్మ. పటంలో ఆమె ఖాళీ చేతులు చాచి ఉంది. అవి ఎవరి కోసం చాచిందో నాకు అర్థమైపోయిందనుకున్నాను.

శ్రావణం వచ్చేసరికి అమ్మకి కొండజ్వరం తగిలింది. రోజు విడిచి రోజు వణుకు. కంబళ్ళన్నీ కప్పి, మీద నేను పడుకున్నా వణుకు ఆగేది కాదు. నెలలు నిండుతున్నాయి. తడిక అవతల యాభైమూడు మాత్రం తప్పడం లేదు. ఒక్కో పిక్క పక్కన పెట్టినప్పుడల్లా అది ఒక్కో అడుగు మా ఇంటి వైపు వేస్తున్నట్టుండేది. పళ్ళెంతో దాన్ని ఆపలేనని తెలిసిపోయింది.

సంతనాడు ఆకులత్త ఆకులు తేవడానికి వెళ్ళగానే గదిలో దూరి, మేకుకి వేలాడే జపమాల తీసుకున్నాను. నల్ల కర్రపూసలు, చివర చిన్న ఇత్తడి శిలువ. పటం వైపు చూడకుండా తీశాను. ఎక్కడ దాచాలి? ఎవరూ వెతకని చోటు మా ఇంట్లో ఒకటే. పొయ్యి పైన అటకలో ఉప్పు బుట్ట. చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగున పెట్టాను. పూసలు లేవు కాబట్టి ఇక జపం లేదు, జపం లేదు కాబట్టి ఆ మాట లేదు, అమ్మ బతికింది. తొమ్మిదేళ్ళ బుర్రకి లెక్క సరిపోయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టారు. తడిక అవతల నిశ్శబ్దం. ఏదో వెతుకుతున్న చప్పుడు. చాప ఎత్తిన చప్పుడు, కుండ జరిపిన చప్పుడు. నేను గరిటె పట్టుకుని ఊపిరి బిగబట్టాను. కొంతసేపటికి మళ్ళీ అదే గొంతు లేచింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. పూసలు దాచగలను గానీ వేళ్ళు దాచలేను కదా. గరిటె కింద పడేసి ఏడ్చాను.

మర్నాడు ఆమె నన్ను చూసి, "గుంటా, నా జపమాల సూసావేటి?" అంది.

"నేదు" అన్నాను.

ఆమె నా మొహం వైపే చూసింది. నా మోచేతి గీతల్లో తెల్లగా ఉప్పు ఉందో ఏమో. "ఉంటాదిలే ఎక్కడో. ఆయన సేత్తో పట్టుకున్న పూసలు. పోవు" అని ఆకుల దగ్గరికి వెళ్ళిపోయింది. అది మొగుడి జపమాలని నాకప్పుడే తెలిసింది.

నొప్పులు మొదలైంది ఒక మధ్యాహ్నం. దారిలో వాగు, మేం గెడ్డ అనేది, పొంగి, అవతలి ఊరి మంత్రసాని దాటి రాలేకపోయింది. ఆమెని ఎలాగైనా తెస్తానని వెళ్ళిన నాన్న గెడ్డ ఒడ్డున చిక్కుకుపోయాడు. ఇంట్లో నాయనమ్మ, నేను. అమ్మకి ఒకవైపు జ్వరం, ఒకవైపు నొప్పులు. వాన పెంకుల మీద పడుతుంటే అమ్మ మూలుగు వినబడేది కాదు. వినబడనప్పుడే ఎక్కువ భయమేసేది. సాయంత్రం కావస్తుంటే అమ్మ కళ్ళు తెరిచి, "ఆకులత్తని పిలవండి" అంది.

"ఆ మాటల మనిసినా? ఈ గదిలోకా? ఎల్లకాలం ఆ మాటతోనే కదే ఈ గతి!" అంది నాయనమ్మ.

అమ్మ నాయనమ్మకి ఎదురు చెప్పడం నేను అంతవరకూ ఎరగను. "అత్తా, మనింట్లో ఆ మాట ఎవులూ అనరు. నాను మాత్రం పొద్దుట్నుంచి రేత్తిరి దాకా అదే తల్సుకుంటన్నాను. ఇద్దర్ని ఒగ్గీసినదాన్ని, నాకు బయం నేదనుకున్నారా? ఒక్కదాన్నే బయపడతన్నాను. ఆయమ్మొకర్తే దాన్ని పైకి అంటంది. ఆమె గొంతు ఇంటేనే నాకు నిద్రొత్తంది. పిలవండి."

నేను పరుగెత్తి పిలుచుకొచ్చాను.

ఆకులత్త తడిచీర పిండుకుని వచ్చి అమ్మ తల దగ్గర కూర్చుంది. నుదురు తుడిచింది. ఒక చేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని, రెండో చేతి వేళ్ళు ముడుస్తూ మొదటి సగం చెప్పింది. చెప్పి ఆగింది. గుమ్మంలో నిలబడ్డ నా వైపు తిరిగింది.

"గుంటా, నీకొచ్చు కదా. రెండో సగం నువ్వు సెప్పు."

దీపాలవేళ. నాయనమ్మ చేతిలో అప్పుడే వెలిగించిన దీపం ఉంది. అమ్మ అక్కడ, ఆ స్థితిలో. నా నోటితో ఆ మాట అంటే, అంటూ ఉండగానే అమ్మ వెళ్ళిపోతే? నాయనమ్మ వద్దంటుందని ఆశగా చూశాను. ఆమె వద్దనలేదు. అమ్మ కళ్ళు నా మీద ఉన్నాయి. కళ్ళు మూసుకుని చెప్పేశాను. "…ఇప్పుడును, మా మరణ సమయమందును." ఆ మాట నోట్లోంచి వెళ్ళింది. కళ్ళు తెరిచి చూస్తే అమ్మ ఉంది.

మళ్ళీ మొదటి సగం ఆమె, రెండో సగం నేను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నాయనమ్మ దీపం గూట్లో పెట్టి, కొంగు నడుముకి చుట్టి అమ్మ కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఒకానొక సగం మధ్యలో పిల్లాడు కేరుమన్నాడు. నా తమ్ముడు. ఇప్పటికీ ఉన్నాడు, ఎల్లుండి ఆస్పత్రికి వస్తానన్నాడు.

పది రోజులు పురుడు. నన్ను గడప దాటనివ్వలేదు. పూసలు బుట్టలోనే ఉన్నాయి. తిరిగి ఇచ్చేయాలని రోజూ అనుకునేదాన్ని. ఇస్తే దొంగనని తెలుస్తుంది. నాన్నకి తెలుస్తుంది. రేపిద్దాం, ఎల్లుండిద్దాం. ఈలోగా తడిక అవతల గొంతు సన్నబడింది. ఆకులత్తకి జ్వరం. పురుడు తీరిన రోజు ఆమె ఒళ్ళు కాలిపోతుంటే, మైదానంలో ఫాదిరీల ఆస్పత్రికి పంపిస్తానని నాన్న బండి మాట్లాడాడు. నాయనమ్మే స్వయంగా కంబళి కప్పి, బండిలో గడ్డి పరిచింది.

నేను అటకెక్కి బుట్టలో చెయ్యి పెట్టి జపమాల తీశాను. పూసలకి ఉప్పు పొక్కులు, శిలువ పచ్చగా చిలుము పట్టిపోయింది. పిడికిట్లో పట్టుకుని బండి దగ్గరికి పరుగెత్తాను. నాన్న ఉన్నాడు. నాయనమ్మ ఉంది. ఊళ్ళోవాళ్ళు ఉన్నారు. ఆకులత్త కళ్ళు విప్పి, "బాగా సెప్పావు గుంటా ఆ రోజు" అంది. పిడికిలి విప్పాలి. నాకు భయమేసింది. ఆ వానాకాలమంతా చావుకి భయపడినదాన్ని, చివరికి నాలుగు తిట్లకి భయపడ్డాను. పిడికిలి వీపు వెనక్కి దాచుకున్నాను. బండి కదిలింది.

నాలుగో రోజు బండివాడు ఒక్కడే తిరిగొచ్చాడు. దుకాణం అరుగు మీద కూర్చుని నాన్నతో చెప్పాడు. నేను తలుపు చాటున ఉన్నాను.

"ఘాటీ సగం దిగేతలికి పోయింది బాబూ. రోడ్డు పనోళ్ళు ఆళ్ళ మేస్త్రీని పెట్టిన కాడే ఆమెనీ పెట్టారు. దారంతా ఏదో గొణుగుతానే ఉంది. ఏళ్ళు ముడుసుకుంటా సెప్పడం, ఆగిపోవడం. మళ్ళీ సెప్పడం, ఆగిపోవడం. ఎవులో జవాబు సెప్తారన్నట్టు సూసేది. నాకేటి తెలుసు బాబూ, నానేటి సెప్పను?"

యాభై ఏళ్ళు దాటింది. ఆ ఊళ్ళో మా దుకాణం లేదు, తడిక లేదు, దీపం పెట్టాక ఉప్పుని ఉప్పనే అంటున్నాం. ప్రతి సాయంత్రం దీపం పెట్టి, మా దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాక, నేను కాసేపు ఊరుకుంటాను. ఆ ఊరుకున్నంతసేపూ ఆమెది. తరవాత రెండో సగం చెబుతాను. బండిలో ఆమె ఆగినచోటల్లా జవాబు చేరుతుందో లేదో తెలియదు. మరియమ్మ చూసే మనిషని కదా ఆమె చెప్పింది. అయిపోయిందని ఎవరూ గమనించని చోట చూసే మనిషని.

ఇవాళ సాయంత్రం ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. దిండు కింద నుంచి జపమాల తీసి చూపించాను. పచ్చబడ్డ శిలువ మీద వేలు పెట్టి, "చాలా పాతది" అంది.

"ఎల్లుండి పొద్దున నన్ను లోపలికి తీసుకుపోయే ముందు ఒకసారి రాగలవా అమ్మా?" అన్నాను.

"వస్తాను మామ్మగారూ. అంతా చదివి వినిపించనా?"

"వద్దు. మొదటి సగం చెప్పి ఆగు" అన్నాను.